మరగటం మానిన ద్రవం



ప్రత్యేక సంచిక అనగానే కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల వాపసు గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ఆ పని వారికి వదలి, నేను ఒక ద్రవం చరిత్ర వ్రాయదలచాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇన్‌వర్డ్ రిజిష్టర్ల మధ్య, నోట్ ఫైళ్ళ మధ్య, రికార్డు గది బీరువాల మధ్య గడిపినవాణ్ణి కనుక ఈ చరిత్ర నన్ను పట్టుకొన్నది. పైకి ఇది సైన్సు కథ. లోపల ఉన్నది మాత్రం ఒక ఫైలు కథ. ఒక సంగతి కాగితం మీద నమోదై, దాని అర్థం ఇరవై ఏడేళ్ళపాటు ఎవరికీ అందక, చివరకు ఒకేసారి రెండు చోట్ల బయటపడిన కథ.

ఆ ద్రవం పేరు ద్రవ హీలియం. దానిని బాగా చల్లబరచి గిన్నెలో పోస్తే, గోడ వెంట తనంతట తానే పైకి పాకి, అంచు దాటి, బయటి వైపున కిందికి జారి, గిన్నె అడుగు నుంచి చుక్కలు చుక్కలుగా రాలిపోతుంది. కంటికి కనపడనంత సన్నని సందులోంచి కూడా అడ్డమన్నదే లేనట్లు పారుతుంది. సెగ తగిలినా బుడగలు రావు. ఈ స్థితిలో ఉన్న ద్రవాన్ని శాస్త్రజ్ఞులు సూపర్‌ఫ్లూయిడ్ అంటారు. మనం అతిద్రవం అనుకొందాము.

గ్రహణం నాటి పసుపు గీత

హీలియం కథ మొదటి పుటలో మన ఊళ్ళే ఉన్నాయి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దానిని చూడటానికి ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చారు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ బందరు చేరారు. సూర్యబింబం అంచున లేచే మంటల కాంతిని పట్టకంతో విడదీసి చూడటం వారి పని. ఆ వర్ణపటంలో పసుపు రంగులో ఒక గీత కనిపించింది. సోడియం ఇచ్చే గీత కూడా దాదాపు అక్కడే ఉంటుంది కనుక, అది ఆ చోటునే ఉందో, దాని పక్కన ఉందో అన్నట్లుగా పోగ్సన్ నమోదు చేశారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూసి, అది సోడియంది కాదని తేల్చారు. సూర్యుని గ్రీకు పేరు మీదుగా ఆ పదార్థానికి హీలియం అని పేరు వచ్చింది. హీలియంను గుంటూరులోనే కనుగొన్నారని మనవాళ్ళు కొందరు అంటూ ఉంటారు. అది కొంచెం ఎక్కువ చెప్పటమే. కానీ తొలి సాక్ష్యం నమోదైన చోట్లలో గుంటూరు, బందరు ఉన్నాయన్నది నిజం.

లాకియర్ మరుసటి సంవత్సరం, అనగా 1869లో, 'నేచర్' అనే శాస్త్ర పత్రికను స్థాపించారు. ఈ పత్రిక పేరు గుర్తుంచుకోండి. కథ చివరికి వచ్చేసరికి మళ్ళీ దీనితో పని పడుతుంది.

భూమి మీద హీలియం చేతికి దొరికింది 1895లో. లండనులో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి దానిని రాబట్టారు.

లైడెన్ నగరంలో చలి

వాయువును తగినంత చల్లబరిస్తే ద్రవమవుతుంది. కెల్విన్ కొలతలో మంచు కరిగే ఉష్ణోగ్రత 273. సున్నా కెల్విన్ అంటే ఇక దానికి దిగువ లేని చలి, మన సెంటీగ్రేడులో మైనస్ 273 పైచిలుకు. ఆక్సిజన్ 90 కెల్విన్ దగ్గర ద్రవమవుతుంది. హైడ్రోజన్ 20 దాకా దిగితే గాని లొంగదు. దానిని 1898లో జేమ్స్ డ్యూవర్ లొంగదీశారు. మిగిలింది హీలియం ఒక్కటే.

దానికి పూనుకొన్నవారు హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు హైకె కామెర్లింగ్ ఓనెస్. కొలతల దారిన నడిస్తేనే జ్ఞానం అన్నది ఆయన సూత్రం. ప్రయోగశాలను ఒక ఫ్యాక్టరీలాగా నడిపారు. పనిముట్లు చేసేవారికి, గాజు ఊదేవారికి శిక్షణ ఇచ్చే బడిని కూడా పెట్టారు. హీలియం కోసం అమెరికా నుంచి మోనజైట్ ఇసుక తెప్పించి, వేడి చేసి, ఆ వాయువును శుద్ధి చేయించారు. 1908 జులై 10న తెల్లవారుజామునే పని మొదలైతే సాయంత్రానికి గాని ఫలితం కనపడలేదు. ద్రవం ఎంత తేటగా ఉన్నదంటే, అది పాత్రలో చేరిన సంగతి కూడా తెలియలేదు. కింద నుంచి దీపం వేసి చూడమని, చూడవచ్చిన సాటి ఆచార్యులొకరు సలహా ఇచ్చారు. అలా చూస్తే ద్రవం మట్టం కత్తి అంచులాగా మెరిసింది. వచ్చినది సుమారు 60 ఘనపు సెంటీమీటర్లు, అంటే అర గ్లాసు కన్నా తక్కువ. ఉష్ణోగ్రత 4.2 కెల్విన్.

పెన్సిల్‌తో వ్రాసిన ఒక వాక్యం

1911 ఏప్రిల్ 8. ఆ రోజు ఓనెస్ బృందం పాదరసాన్ని ద్రవ హీలియంలో చల్లబరచి, దానిలో విద్యుత్తుకు ఎంత అడ్డు ఉందో కొలుస్తున్నది. హోల్స్ట్ కొలతలు చూస్తున్నారు, ఫ్లిమ్ యంత్రాలు నడుపుతున్నారు. మధ్యాహ్నం దాటాక పాదరసంలో ఆ అడ్డు దాదాపు సున్నా అయింది. అదే సూపర్‌కండక్టివిటీ, ప్రపంచానికి కొత్త సంగతి. ప్రయోగశాల అంతా ఆ సందడిలోనే ఉండి ఉంటుంది.

ఆ రోజు పని ముగించబోతూ ద్రవాన్ని ఇంకా చల్లబరచి సుమారు 2 కెల్విన్ దాకా దించారు. అప్పటిదాకా కుతకుత మరుగుతున్న హీలియం ఉన్నట్టుండి మరగటం మానేసింది. బుడగలు లేవు, కదలిక లేదు. ద్రవం మట్టం మాత్రం నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. ఆ ముక్క ఓనెస్ తన నోటుపుస్తకంలో పెన్సిల్‌తో వ్రాసి పెట్టారు. ఆ పుస్తకాలు లైడెన్‌లోని బూర్హావె మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఒకే రోజున రెండు అద్భుతాలు కళ్ళ ముందు జరిగాయి. మొదటిది పతాక శీర్షిక అయింది, రెండవది నోటుపుస్తకంలో ఒక వాక్యంగా మిగిలింది.

మరగటం ఎందుకు మానిందో ఇప్పుడు చెప్పటం తేలిక. పాలు కాచేటప్పుడు గిన్నె అడుగున వేడి ఎక్కువ, పైన తక్కువ. అడుగున వేడెక్కిన చోట బుడగ పుడుతుంది. అతిద్రవంలో వేడి ఎంత వేగంగా అంతటా పంచుకోబడుతుందంటే, ఒక చోటు మరొక చోటు కన్నా వేడిగా ఉండటం అన్నదే జరగదు. కనుక బుడగ పుట్టటానికి తావు లేదు. ఆవిరి పోవలసినదంతా పైమట్టం నుంచే మౌనంగా పోతుంది.

ఆ తరువాత కూడా సూచనలు అందుతూనే వచ్చాయి. చల్లబరచిన కొద్దీ సాంద్రత పెరగవలసిన హీలియం, 2.2 కెల్విన్ దిగువన తిరిగి పలచబడటం అదే 1911లో కొలతకు వచ్చింది. 1922లో, ఒకదానిలో ఒకటి ఉంచిన రెండు పాత్రలలో హీలియం మట్టాలు వాటంతట అవే సమానం కావటం ఓనెస్ చూశారు. గోడ వెంట ద్రవమే పాకి వెళ్ళిందని ఆయనకు తోచలేదు, ఆవిరై అటు చేరి ఉంటుందనుకొన్నారు. ఆ రోజుల్లోనే లియో డానా అనే అమెరికను యువకుడు ఓనెస్‌తో కలసి హీలియం విశిష్టోష్ణాన్ని కొలిచాడు. ఆ ఉష్ణోగ్రత దగ్గర అంకెలు నమ్మశక్యం కానంత పెద్దవిగా వచ్చాయి. ఫలితాలు 1926లో అచ్చయినప్పుడు ఆ అంకెలను వదిలేశారు. సరిపడని అంకెను పక్కన పెట్టే అలవాటు మన ఆఫీసులకే పరిమితం కాదన్నమాట. ఆ సంవత్సరమే ఓనెస్ కన్నుమూశారు.

ఆయన తరువాత లైడెన్‌లో విలెమ్ కేసోమ్ ఆ దారం పట్టుకొన్నారు. వోల్ఫ్‌కే అనే పోలెండు శాస్త్రజ్ఞుడితో కలసి, ఇది ఒక ద్రవం కాదు, ఒకే ద్రవానికి రెండు అవస్థలని చెప్పి, వాటికి ఒకటవ హీలియం, రెండవ హీలియం అని పేర్లు పెట్టారు. 1932లో క్లూసియస్‌తో కలసి విశిష్టోష్ణాన్ని మళ్ళీ కొలిచి, ఈసారి పెద్ద అంకెలను కూడా గ్రాఫు మీద పెట్టారు. ఆ గీత గ్రీకు అక్షరం లాంబ్డా ఆకారంలో వచ్చింది. అందుకే 2.17 కెల్విన్‌ను నేటికీ లాంబ్డా బిందువు అంటారు. తరువాత కేసోమ్, ఆయన కుమార్తె అన్నా కలసి, రెండవ హీలియంలో వేడి ప్రయాణించే తీరు రాగిని మించిపోతుందని చూపారు. డానా నాటి అంకెలకు ఆ విధంగా విలువ వచ్చింది.

రెండు ఉత్తరాలు, రెండు తేదీలు

ఇక్కడ కథ కేంబ్రిడ్జికి, మాస్కోకి మారుతుంది. రష్యా దేశస్థుడు ప్యోత్ర్ కపిత్సా 1921 నుంచి కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డ్ గారి దగ్గర పనిచేశారు. ఆయన కోసమే మాండ్ ప్రయోగశాల అనే కొత్త భవనం కట్టి 1933లో ప్రారంభించారు. 1934లో ఆయన సొంతగా హీలియం ద్రవీకరణ యంత్రం తయారు చేశారు. ఆ సంవత్సరమే సెలవుకు స్వదేశం వెళితే, స్టాలిన్ ప్రభుత్వం తిరిగి రానివ్వలేదు. భార్యా పిల్లలు ఇంగ్లండులో, ఆయన మాస్కోలో. చేతిలో పనిముట్టు లేదు. అప్పుడు రూథర్‌ఫర్డ్ పూనుకొని, సోవియట్ ప్రభుత్వం 30,000 పౌండ్లు చెల్లించేటట్లు, కపిత్సా పరికరాలు మాస్కోకి చేరేటట్లు ఏర్పాటు చేశారు. శిష్యుడు వెళ్ళిపోయాడు, సామాను మనదే అని గిరి గీసుకొని కూర్చోలేదు. కుటుంబం కూడా తరువాత మాస్కో చేరింది.

మాస్కోలో కపిత్సా రెండు నున్నని గాజు బిళ్ళలను దగ్గరగా అమర్చి, మధ్యన మిల్లీమీటరులో సుమారు రెండు వేలవ వంతు సందు ఉంచి, అందులోంచి హీలియం ఎలా పారుతుందో చూశారు. లాంబ్డా బిందువు పైన ద్రవం కదలీ కదలనట్లు పారింది. దిగువకు రాగానే చటుక్కున జారిపోయింది. స్నిగ్ధత, అంటే మన మాటలో జిగట, కనీసం 1,500 రెట్లు తగ్గిందని లెక్క కట్టారు. ఆముదానికి జిగట ఎక్కువ, నీటికి తక్కువ. దీనికి ఉందో లేదో కూడా తేలలేదు. సూపర్‌ఫ్లూయిడ్ అన్న మాట ఆయన పెట్టినదే.

అదే సమయంలో కేంబ్రిడ్జిలో, కపిత్సా కోసం కట్టిన ఆ మాండ్ ప్రయోగశాలలోనే, జాక్ అలెన్, డాన్ మైసెనర్ అనే ఇద్దరు కెనడా యువకులు సన్నని గొట్టాల గుండా హీలియంను పారించి ఇదే సంగతి కనుగొన్నారు. ఒత్తిడి పెంచినా తగ్గించినా ప్రవాహంలో పెద్దగా తేడా లేదు. మామూలు ద్రవాల సూత్రం దీనికి వర్తించదని వ్రాశారు.

రెండు ఉత్తరాలూ 'నేచర్' పత్రికలో 1938 జనవరి 8న పక్కపక్క పుటల్లో, 74, 75లలో, అచ్చయ్యాయి. సూర్యునిలో హీలియంను గుర్తించిన లాకియర్ పెట్టిన పత్రికే అది. కపిత్సా ఉత్తరం మీద తేదీ 1937 డిసెంబరు 3. అలెన్, మైసెనర్ల ఉత్తరం మీద డిసెంబరు 22. పందొమ్మిది రోజుల తేడా. తేదీ వేయటం ఎంత ముఖ్యమో తపాలా బల్ల దగ్గర పనిచేసిన వారికి వేరే చెప్పనక్కరలేదు.

టార్చిలైటు, కోలాటం

ఆ తరువాత వింతల మీద వింతలు బయటపడ్డాయి. 1938 ఫిబ్రవరిలో అలెన్, జోన్స్ ఒక సన్నని గొట్టంలో మెత్తని పొడి కూరి, రెండవ హీలియంలో ముంచారు. దాని మీద జేబు టార్చిలైటు వెలుగు పడగానే గొట్టం పై కొన నుంచి ద్రవం ఫౌంటెనులాగా ఎగజిమ్మింది. వెలుగులోని ఆ కాస్త వెచ్చదనమే చాలింది. నీరు పల్లానికి పారుతుంది, ఈ ద్రవం వెచ్చని వైపుకు పారుతుంది. గోడ పాకే పొర రహస్యాన్ని ఆక్స్‌ఫర్డులో డాంట్, మెండెల్సన్ తేల్చారు. ఆ పొర మందం మిల్లీమీటరులో సుమారు ముప్ఫై వేలవ వంతు. చాలా ద్రవాలు పాత్ర గోడకు పలుచగా అంటుకొంటాయి. మామూలు ద్రవాన్ని జిగట పట్టి ఉంచుతుంది, దీనిని పట్టి ఉంచేది లేదు.

కారణం చెప్పటానికి మొదట ముందుకు వచ్చినవారు ఫ్రిట్జ్ లండన్. ఆయనకు ఆధారం మన దేశం నుంచి వెళ్ళిన ఒక ఆలోచన. 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో ఉన్న సత్యేంద్రనాథ్ బోస్ తన వ్యాసాన్ని ఐన్‌స్టీన్‌కు పంపితే, ఆయన దానిని స్వయంగా జర్మను భాషలోకి మార్చి అచ్చు వేయించి, ఆ లెక్కను ఇంకా ముందుకు తీసుకుపోయారు. బాగా చల్లబడితే కొన్ని జాతుల అణువులు వేరువేరుగా కాక అధిక సంఖ్యలో ఒకే స్థితిలోకి చేరిపోతాయని దాని సారాంశం. తిరునాళ్ళలో జనం ఒకరినొకరు తోసుకొంటూ నడుస్తారు. కోలాటంలో అందరి అడుగూ ఒకటే, తోపులాట ఉండదు. హీలియంలో జరిగేది అలాంటిదేనని లండన్ 1938లో అన్నారు. వెంటనే టిస్సా అనే హంగేరీ యువకుడు, ద్రవంలో జిగట ఉన్న భాగం, లేని భాగం పాలూ నీళ్ళలాగా కలిసి ఉంటాయనీ, చల్లబడే కొద్దీ జిగట లేని భాగం పెరుగుతుందనీ ప్రతిపాదించాడు.

దానికి గట్టి సిద్ధాంతం కట్టినవారు మాస్కోలోని లెవ్ లాండౌ. అయితే 1938 ఏప్రిల్‌లో ఆయనను రహస్య పోలీసులు పట్టుకుపోయారు. అది స్టాలిన్ భయపాలన కాలం. అటువంటివారి తరఫున నోరు విప్పితే తమ ప్రాణానికే ముప్పు. కపిత్సా మాత్రం కలం పట్టారు. అరెస్టయిన రోజే స్టాలిన్‌కు, మరుసటి ఏడాది మోలొటోవ్‌కు ఉత్తరాలు వ్రాశారు. పరమ శూన్యం దగ్గర తాను కనుగొన్న కొత్త సంగతిని వివరించటానికి ఈ మనిషి అవసరమని వాదించి, ఆయన నడవడికి తాను పూచీ అని సంతకం చేశారు. ఏడాది చెర తరువాత 1939 ఏప్రిల్‌లో లాండౌ విడుదలయ్యారు. 1941లో అతిద్రవ సిద్ధాంతం ప్రకటించారు. 1946లో ఆంద్రోనికాష్విలీ అనే జార్జియా శాస్త్రజ్ఞుడు పలుచని బిళ్ళల దొంతరను హీలియంలో వేలాడదీసి అటూ ఇటూ తిప్పి, బిళ్ళలతో పాటు లాగబడేది జిగట భాగం మాత్రమేనని కొలిచి చూపారు. ఒక ద్రవం ధర్మం ఒక మనిషి ప్రాణాన్ని కాపాడటానికి అక్కరకు వచ్చిన సందర్భం నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

ఎవరికి ఏమి దక్కింది

లాండౌకు 1962లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ ఏడాది జనవరిలో కారు ప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిని ఉన్నందున ఆసుపత్రిలోనే దానిని అందజేశారు. కపిత్సాకు 1978లో, 84వ ఏట వచ్చింది. అప్పటికి తాను ఆ పని వదలి ముప్ఫై ఏళ్ళు దాటిందని, బహుమాన ప్రసంగంలో వేరే విషయం మాట్లాడారు. అలెన్, మైసెనర్లకు రాలేదు. హీలియంలోనే మరొక రకమైన హీలియం-3, సున్నాకు రెండు మూడు వేలవ వంతుల కెల్విన్ దగ్గర అతిద్రవమవుతుందని అమెరికాలో లీ, రిచర్డ్‌సన్, ఓషెరాఫ్ 1972లో ప్రకటించారు. వారికి 1996లో నోబెల్ దక్కింది. ఓషెరాఫ్ అప్పటికి పరిశోధక విద్యార్థి మాత్రమే. తన గ్రాఫులో కనపడిన చిన్న వంపును పనిముట్టు దోషమని కొట్టివేయకపోవటమే అతని ఘనత.

ఈ ద్రవం వల్ల ప్రయోజనమేమిటని మనవాళ్ళు అడుగుతారు. 1983లో ఆకాశానికి పంపిన ఐరాస్ అనే టెలిస్కోపును పది నెలలపాటు చల్లగా ఉంచినది అతిద్రవ హీలియమే. జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సెర్న్ యంత్రంలో అయస్కాంతాలను 1.9 కెల్విన్ వద్ద నిలిపేదీ అదే. వేడిని అంత త్వరగా మోసుకుపోయే ద్రవం మరొకటి లేదు. 1911లో మరుగు ఆగిన గుణమే ఇప్పుడు ఉపయోగం. మనలో చాలామంది వెన్నుపూసకో, మోకాలికో పడుకొన్న ఎమ్మారై యంత్రాలలో మామూలుగా ఉండేది మాత్రం 4.2 కెల్విన్ దగ్గరి ద్రవ హీలియం. అది అతిద్రవం కాదు గాని దాని తోబుట్టువే.

వ్రాసి పెట్టినవారికి దండం

ఈ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఒక సర్వీసు రిజిష్టరు గుర్తుకు వస్తుంది. చనిపోయిన ఒక అటెండరు గారి భార్యకు ఫ్యామిలీ పెన్షను లెక్క కట్టవలసి వచ్చింది. ఆయన సస్పెన్షనులో ఉన్న కొన్ని నెలలు సర్వీసుగా లెక్కకు వస్తాయో రావో తేలలేదు. ఉత్తర్వు ప్రతి ఎక్కడా దొరకలేదు. ఆ రిజిష్టరు మార్జినులో ఇరవై రెండేళ్ళ క్రితపు గుమాస్తా ఒకాయన ఎర్ర సిరాతో, ఆ కాలాన్ని డ్యూటీగా పరిగణించినట్లు, ఉత్తర్వు నంబరు, తేదీలతో సహా ఒక లైను వ్రాసి పొట్టి సంతకం చేసి ఉన్నాడు. ఆ ఒక్క లైనుతో ఆమెకు రావలసినది వచ్చింది. ఆ గుమాస్తా ఎవరో మాకు తెలియలేదు. ఆ లైను ఎవరికి, ఎప్పుడు పనికి వస్తుందో ఆయనకూ తెలిసి ఉండదు.

ఓనెస్ మహాశయుడూ అంతే చేశారు. అర్థం కాలేదు, అయినా చూసినది చూసినట్లు, తేదీ వేసి వ్రాశారు. అర్థమైనదే వ్రాస్తానని కూర్చొని ఉంటే ఆ సాయంత్రం సంగతి నేడు మనకు తెలిసేది కాదు. 1926లో అచ్చు నుంచి తీసేసిన అంకెలు మాత్రం మరికొన్నేళ్ళు ఆలస్యం తెచ్చాయి. నమోదు చేయటానికి, వదిలివేయటానికి ఉన్న తేడా అదే.

మన పిల్లలు, మనుమలు ఇప్పుడు కంప్యూటర్ల మీద పనిచేస్తున్నారు. సిరా మారింది, కాగితం పోయింది. పని మాత్రం మారలేదు. సరిపడని అంకె కనపడితే తుడిచివేయవద్దని, పక్కన ఒక మాట వ్రాసి తేదీ వేయమని వారికి చెప్పండి. ఎప్పుడో, ఎవరో వచ్చి దానిని చదువుకొంటారు.